హ్రాస్తోవ్లే వెళ్తున్నారా? అస్థిపంజరాలు మాత్రమే చూసి తిరిగి రాకండి

మిగతా వాళ్లకి కూడా అర్థమయ్యేలా ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. మీరు ఇటలీలోని ట్రియెస్టేలో ఫిజిక్స్ రీసెర్చ్ చేస్తున్నారు. ఊరి నుంచి అమ్మానాన్న వస్తున్నారు. ఒక ఆదివారం సరిహద్దు దాటి, స్లొవేనియాలో హ్రాస్తోవ్లే అనే పల్లెలో ఉన్న పాత చర్చి చూపిద్దామనుకుంటున్నారు. నెట్‌లో ఎక్కడ చూసినా అస్థిపంజరాల బొమ్మలే కనిపిస్తుంటే, పెద్దవాళ్లకి అవేం చూపిస్తాం అని మీ టెన్షన్. ఇంకో రెండు అడిగారు: అవి ఫ్రెస్కోలేనా, మన లేపాక్షి బొమ్మల్లాంటివా? అరగంట సరిపోతుందా?

చివరిదానికి ముందు జవాబు. అరగంటలో చూసెయ్యొచ్చు. చర్చి పొడవు పన్నెండు మీటర్ల లోపు, వెడల్పు ఆరు మీటర్లు. మన వైపు ఓ మాదిరి కల్యాణమండపంలో భోజనాల హాలు దీనికంటే పెద్దది. కానీ గోడలు, కప్పు, స్తంభాల మీది కమానులు, గర్భగుడిలాంటి ఆ మూడు అర్ధచంద్రాకారపు గూళ్లు, ఎక్కడా ఖాళీ లేకుండా బొమ్మలే. అరగంటలో బయటికొచ్చినవాళ్లు అస్థిపంజరాలు చూసి వచ్చినవాళ్లు. గంటన్నర పెట్టుకోండి.

గోడ బొమ్మల మరమ్మతు పనిలో చాలా ఏళ్లు గడిపినవాణ్ని. ఇటు రాయలసీమ గుళ్లలోనూ, కొన్నాళ్లు అటు ఇస్త్రియా (హ్రాస్తోవ్లే ఉన్న ద్వీపకల్పం) వైపూ పని చేశాను. కాబట్టి నా చూపు ముందు బొమ్మ మీదకి కాదు, గోడ మీదకి పోతుంది. కొంచెం ఓపిక పట్టండి.

కారులో వస్తుంటే దూరం నుంచి మీకు చర్చి కనిపించదు. ఊరి పక్క చిన్న గుట్ట మీద బూడిద రంగు రాతి ప్రాకారం, దాని వెనకనుంచి తొంగి చూస్తున్న గంట గోపురం, అంతే. చిన్న కోట అనుకుంటారు. ఆ ప్రాకారం చర్చితో పాటు కట్టింది కాదు, 16వ శతాబ్దపుది. 1470ల నుంచి ఆటోమన్ తురుష్కుల దాడి దళాలు ఈ కొండప్రాంతాల మీదకి వచ్చిపోతుండేవి. ఊళ్లకి సైన్యం లేదు, దుర్గం లేదు. ఊళ్లో గట్టి రాతి కట్టడం అంటే చర్చే. దాని చుట్టూ ఎత్తుగా గోడ, మూలన బురుజు లేపుకున్నారు. దాడి వస్తే మనుషులు ప్రాకారం లోపలికి చేరేవాళ్లు. స్లొవేనియాలో ఇలాంటి గుడికోటలని తాబోర్ అంటారు. బొమ్మలు వేసింది 1490లో, అంటే గోడకంటే ముందు. దాడుల భయం పల్లె మీద ఉన్న కాలంలోనే రంగులు వేశారన్నమాట.

చర్చి కట్టిన కాలం గురించి పండితులకి ఒకే మాట లేదు. 12వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం మధ్యలో అంటారు. పద్ధతి రోమనెస్క్: మందపాటి రాతి గోడలు, చిన్న కిటికీలు, గుండ్రటి కమానులు. కప్పు మీద పెంకులుండవు, పలకల్లా చీల్చిన సున్నపురాతి బిళ్లలు. మన తాండూరు, బేతంచెర్ల బండల్ని కప్పు మీద ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఊహించుకోండి. పక్కనే లేచే కొండలంతా సున్నపురాయి. సున్నపురాయి నీటికి కరిగి గుహలు, గోతులు పడ్డ నేలని కార్స్ట్ అంటారు, ఆ మాట పుట్టిందే ఇక్కడి నేల పేరు మీద. గోడ, కప్పు, ఆఖరికి బొమ్మల కింద ఉన్న పూత కూడా ఆ రాయే, కాల్చి సున్నం చేసింది.

తలుపు దాటగానే చీకటి. ఒక నిమిషం కదలకుండా నిలబడండి, అమ్మానాన్నలనీ నిలబెట్టండి. కళ్లు అలవాటు పడ్డాక మూడు సొరంగాలు పక్కపక్కనే పెట్టినట్టు కనిపిస్తుంది. మధ్యది కాస్త ఎత్తు. వాటి మధ్య పొట్టి రాతి స్తంభాలు, వాటిని కలుపుతూ కమానులు. ఒక్కో సొరంగం కప్పు అర్ధవృత్తం, పీపాని నిలువునా కోసి బోర్లించినట్టు. దీన్ని బ్యారెల్ వాల్ట్ అంటారు.

ఇక్కడ ఒక మేస్త్రి తెలివి ఉంది. కమాను కప్పు బరువు నేరుగా కిందకి దిగదు, పక్కలకి తోస్తుంది. మన ఇటుక కమాను కట్టేటప్పుడు రెండు వైపులా దన్ను లేకపోతే ఎలా విచ్చుకుపోతుందో తాపీ పని చూసినవాళ్లకి తెలుసు. ఇక్కడ మధ్య సొరంగం తోపుని రెండు పక్క సొరంగాలు ఆపుతాయి. వాటి తోపుని మందపాటి బయటి గోడలు ఆపుతాయి. మూడూ దాదాపు ఒకే ఎత్తులో ఉంటేనే ఇది కుదురుతుంది. అందుకే పెద్ద చర్చిల్లో లాగా మధ్య భాగం పైకి లేచి, అక్కడ కిటికీల వరస రాలేదు. వెలుతురు తగ్గింది, బదులుగా గోడలు, కప్పు కోతల్లేకుండా చిత్రకారుడికి దొరికాయి. కిటికీలు ఎక్కువైతే బొమ్మలకి చోటు తగ్గుతుంది. ఉత్తరాన గోథిక్ కెథడ్రల్స్‌లో గోడంతా గాజైపోయింది, కథలన్నీ గాజులోకి వెళ్లాయి. ఈ పల్లెలో అవి సున్నం మీదే ఉన్నాయి.

ఇప్పుడు మీ ఫ్రెస్కో ప్రశ్న.

గోడకి తడి సున్నపు పూత వేసి, అది తడిగా ఉండగానే నీళ్లలో కలిపిన రంగు పెడితే ఫ్రెస్కో. జిగురు అక్కర్లేదు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. ఆ క్రమంలో పైన పలచటి గాజులాంటి పొర కట్టుకుంటుంది, రంగు రేణువులు అందులో ఇరుక్కుంటాయి. అంటే రంగు గోడ మీద ఉండదు, గోడలో భాగమైపోతుంది. పూత తడి ఉండేది కొన్ని గంటలే కాబట్టి ఆ పూటకి ఎంత గీయగలడో అంతే పూత వేస్తాడు. మర్నాడు దాని పక్కన ఇంకో ముక్క. ఇటాలియన్‌లో దాన్ని జోర్నాతా అంటారు, ఒక రోజు పని అన్నట్టు. పూత ఆరిపోయాక జిగురుతోనో సున్నపు తేటతోనో రంగు వేస్తే అది సెక్కో. నిలుస్తుంది కానీ అంత గట్టిగా కాదు.

ఈ తేడా నేను పుస్తకంలో నేర్చుకోలేదు. పనిలో చేరిన కొత్తలో సీమలో ఒక గుడిలో, పేరు వద్దు, మండపం కప్పు మీద మసి తుడవమన్నారు. ఎర్రమట్టి రంగున్న చోట తడి దూది బాగా నడిచింది. ఆ ధీమాతో పక్కనే ఉన్న చీర అంచు మీద కూడా అదే దూది పెట్టాను. తీసి చూస్తే దూదికి ఆకుపచ్చ. గుండె జారిపోయింది. చిటికెన వేలి గోరంత మేర పోయింది, అంతే, కానీ పోయింది పోయినట్టే. ఎర్రరంగు సున్నంలో కలిసిపోయింది, ఆకుపచ్చ తర్వాత జిగురుతో అద్దింది. ఒకే బొమ్మలో రెండు పద్ధతులు. ఆ రోజు నుంచి ఏ గోడ దగ్గరకి వెళ్లినా ముందు చెయ్యి వెనక్కి కట్టుకుంటాను.

యూరప్ పల్లె చర్చిల్లో కూడా మామూలుగా జరిగేది ఇదే. ప్రధాన రూపాలు, మట్టి రంగులు తడి పూత మీద. నీలం, కొన్ని ఆకుపచ్చలు, చివరి నగిషీ ఆరాక. అజురైట్ అనే రాయి నూరి చేసిన నీలానికి సున్నంతో పడదు, జిగురు కావాలి. ఐదొందలేళ్ల తేమకి జిగురు నిలవదు. అందుకే పాత గోడల మీద ఆకాశం ఉండాల్సిన చోట చాలాసార్లు బూడిద రంగో నలుపో కనిపిస్తుంది. అది నీలం కింద ముందుగా వేసిన అడుగు పూత. హ్రాస్తోవ్లేలో మీ కంటికి మొదట తగిలేది గోధుమ, పసుపు, ఎర్రమట్టి, బూడిద రంగులే. పేదతనం అనుకోకండి. నిలిచినవి అవి.

లేపాక్షితో పోలిక: కాలం దగ్గరదే. వీరభద్రస్వామి గుడి మండపాల కప్పు బొమ్మలు అచ్యుతదేవరాయలు (1529–42) కాలం నాటివి, అంటే హ్రాస్తోవ్లే తర్వాత సుమారు 40 ఏళ్లు. అక్కడా సున్నపు పూతే, మట్టి రంగులే: కావి, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. అక్కడా గట్టి నల్లగీత ముందు, లోపల చదునుగా రంగు. లేపాక్షిలో ఎక్కువ భాగం ఆరిన పూత మీద వేసిందని చెబుతారు. మన మేస్త్రీలు సున్నాన్ని గానుగ పట్టి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. అటువైపు కాల్చిన సున్నాన్ని గోతిలో నెలల తరబడి నానబెట్టి వెన్నలా చేసుకునేవాళ్లు. ఇంకో తేడా స్థలానిది. లేపాక్షి మండపం పక్కలు తెరిచి ఉంటుంది, వెలుతురు కింది నుంచి ఎగసి కప్పుకి తగులుతుంది. మెడ పట్టేదాకా పైకి చూస్తాం. ఇక్కడ బొమ్మ నాలుగు వైపుల నుంచీ మన మీదకి వచ్చినట్టుంటుంది. మీ నాన్నగారు లేపాక్షి చూసి ఉంటే ఈ సంగతి మీరు చెప్పక్కర్లేదు, లోపలికి అడుగుపెట్టగానే ఆయనే అంటారు.

చిత్రకారుడెవరో తెలుసు, అది మన అదృష్టం. గోడ మీద రాత ఉంది. పేరు యానెజ్, ఊరు కాస్తావ్. ఇప్పటి క్రొయేషియాలో రియెకా పక్కన ఉన్న ఊరు. లాటిన్‌లో యోహాన్నెస్ దె కాస్తువా. సంవత్సరం 1490. వేయించింది కూబెడ్ అనే పక్క ఊరి పాస్టరు తోమిచ్ వర్హోవిచ్. రాజూ కాదు, బిషప్పూ కాదు. పక్కూరి పూజారి పూనుకున్నాడు, చిత్రకారుడు కొన్నాళ్లు నడిస్తే చేరే ఊరి నుంచి వచ్చాడు.

ఆ రాతల్లో ఒకటి లాటిన్, ఇంకొకటి గ్లాగోలిటిక్. ఈ లిపి గురించి మీ అమ్మగారికి చెప్పండి, నచ్చుతుంది. 9వ శతాబ్దంలో స్లావిక్ భాషల కోసం పుట్టించిన లిపి, సిరిల్ అనే మత ప్రచారకుడు కట్టాడంటారు. గుండ్రాలు, కొక్కేలు, త్రికోణాలు. దూరం నుంచి చూస్తే అక్షరాల్లా కాక ముగ్గులో మెలికల్లా ఉంటాయి. పశ్చిమ యూరప్‌లో పూజంతా లాటిన్‌లో నడుస్తుంటే, ఈ ఆడ్రియాటిక్ సముద్ర తీరంలోని పూజారులు పాత స్లావిక్ భాషలో, ఈ లిపిలో రాసుకున్న పుస్తకాలతో జరుపుకునేవాళ్లు. 1248లో పోప్ నాలుగో ఇన్నోసెంట్ ఈ తీరంలోనే ఉన్న సెన్య్ అనే ఊరి బిషప్పుకి అందుకు అనుమతి కూడా ఇచ్చాడు. 1483లో ఈ లిపిలో పూజా గ్రంథం అచ్చయింది, క్రొయేషియన్ల మొదటి అచ్చు పుస్తకం అదే. యానెజ్ ఇక్కడ పరంజా ఎక్కింది దానికి ఏడేళ్ల తర్వాత.

సంతకం ఒక్కటే కాదు. బొమ్మల మీద మేకుతోనో కత్తి మొనతోనో గీకిన గ్లాగోలిటిక్ రాతలు కూడా ఉన్నాయి. వచ్చిపోయిన పూజారులు, పిల్ల పూజారులు గీకినవి. మన కోటల్లో పేర్లు చెక్కేవాళ్లని తిట్టుకుంటాం. ఐదొందలేళ్లు గడిస్తే అదే చరిత్రకి ఆధారమైపోతుంది, ఏం చేస్తాం. రాతల మీద వేలు పెట్టొద్దు. పక్కనుంచి ఏటవాలుగా చూడండి, గాట్లలో నీడ నిలిచి అక్షరాలు తేలుతాయి.

ఇక బొమ్మలు. ఎక్కడ మొదలుపెట్టాలంటే, మధ్యలో నిలబడి తల పైకెత్తండి.

మధ్య సొరంగం కప్పు మీద సృష్టి కథ. వెలుగు, నీళ్లు, చెట్లు, జంతువులు, ఆదాము, ఈవ. పటంలోలా గళ్లుగళ్లుగా విడదీసి, గడికొక సంఘటన. చేర్యాల పటం చూసినవాళ్లకి ఈ పద్ధతి కొత్త కాదు. పట్టీ గీసి, పట్టీలో కథ నడిపించి, మళ్లీ పట్టీ. ఈ గళ్లకి మూలం అప్పటికే చేతులు మారుతున్న ముద్రిత బొమ్మలు. ఉత్తర యూరప్‌లో చెక్క అచ్చులతో, రాగి రేకులతో వేసిన కాగితాలు సంచుల్లో ఊరూరూ తిరిగేవి. కాస్తావ్ చిత్రకారులు వాటిని దగ్గర పెట్టుకుని గీశారని పరిశోధకులు పోల్చి చూపించారు. కాపీ కొట్టాడని చిన్నచూపు వద్దు. అరచెయ్యంత కాగితం మీది బొమ్మని వంపు తిరిగిన కప్పు మీదకి, కింద నిలబడినవాడి కంటికి సరిగ్గా కనిపించేలా సాగదీయడం మామూలు విషయం కాదు.

కథలో నాకు ఇష్టమైనది స్వర్గం నుంచి గెంటేశాక వచ్చే గడి. ఆదాము నేల తవ్వుతుంటాడు. ఈవ నూలు వడుకుతుంటుంది, బిడ్డ కూడా ఉంటాడు. శిక్ష పడ్డ దంపతుల్లా కాదు, ఏదో పొలం గట్టున పొద్దున్నే పనిలో దిగిన మొగుడూపెళ్లాల్లా ఉంటారు. చూడ్డానికి వచ్చిన పల్లె జనం కూడా తవ్వేవాళ్లూ వడికేవాళ్లే. వాళ్ల బతుకుని తీసుకెళ్లి బైబిలు మొదటి పేజీలో పెట్టాడు యానెజ్.

పక్క సొరంగాల కప్పులకి వెళ్లండి. అక్కడ పన్నెండు నెలలు. ఒక్కో నెలకి ఒక్కో బొమ్మ. నా లెక్కలో చర్చి మొత్తానికి ఆయువుపట్టు ఇదే, జనం దాదాపు పట్టించుకోనిదీ ఇదే. అప్పటి యూరప్‌లో నెలల బొమ్మలకి ఒక వాడుక ఉండేది: చలికాలంలో మంట దగ్గర చేతులు కాచుకోవడం, వసంతంలో ద్రాక్ష తీగలు కత్తిరించడం, పూలు, షికారు, ఎండాకాలంలో కోత, నూర్పిడి, ఆ తర్వాత ద్రాక్ష కోత, ఏడాది చివర పందిని కోసి చలికాలానికి మాంసం దాచుకోవడం. ఏరువాక నుంచి సంక్రాంతి దాకా మన రైతుకి ఉన్న లెక్కే ఇది, పంటలు వేరు. ఇస్త్రియా అంటే ద్రాక్ష, ఆలివ్. ఊరంతా ఆ లెక్క మీదే బతికేది. చర్చిలో తల పైకెత్తితే దేవుడు ఆరు రోజుల్లో చేసిన పని ఒకవైపు, రైతు పన్నెండు నెలల్లో చేసే పని మరోవైపు. రెండూ ఒకే కప్పు మీద.

తూర్పు వైపు మధ్య గూటిలో త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. ఈ చర్చి పేరే పవిత్ర త్రిత్వం. అపొస్తలులు కూడా అక్కడే. ఉత్తర గోడ మీద ముగ్గురు రాజులు బాలయేసుని చూడ్డానికి వెళ్లే ఊరేగింపు: గుర్రాలు, పరివారం, కొత్త బట్టలు. పెళ్లివారి బండ్లు వచ్చినంత సందడి. ఈ గోడ దగ్గర పిల్లలుంటే ఆగిపోతారు.

దక్షిణ గోడ. పై వరసలో యేసు శ్రమలు, సిలువ దాకా. కింది వరసలో మీరు భయపడుతున్న ఊరేగింపు.

దీన్ని మృత్యు నృత్యం అంటారు. యూరప్‌లో పేరున్న తొలి బొమ్మ 1424–25లో పారిస్‌లోని ఒక శ్మశానం గోడ మీద వేశారు. 1669లో ఆ గోడ కూల్చేశారు. 14వ శతాబ్దపు మహా ప్లేగు, దాని వెనక తరతరానికీ తిరిగొచ్చిన ప్లేగులు జనం మీద వేసిన ముద్ర ఇది. యానెజ్ కంటే 16 ఏళ్లు ముందు, 1474లో, అదే కాస్తావ్ నుంచి వచ్చిన విన్సెంట్ అనే చిత్రకారుడు దక్షిణాన బెరమ్ అనే ఊరి చర్చిలో ఈ నృత్యం వేశాడు. అక్కడ అస్థిపంజరం తిత్తి ఊదుతుంటుంది, నిజంగా ఆటే. ఇక్కడ ఆట తక్కువ, నడక ఎక్కువ. పదకొండు మంది మనుషులు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో అస్థిపంజరం చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటుంది. ఒక చివర తెరిచిన సమాధి పక్కన గద్దె మీద మృత్యువు కూర్చుని ఉంటుంది. గడ్డపార, పార సిద్ధంగా.

ఇప్పుడు వరస చూడండి. సమాధికి అందరికన్నా దగ్గర పోప్. రాజు, రాణి, కార్డినల్, బిషప్పు ఆ వెనక. మొదటి తాంబూలం ఎవరికో చావు దగ్గర కూడా తప్పలేదు, మర్యాద ప్రకారమే తీసుకెళ్తున్నారు. కింది కొసకి వచ్చేసరికి ఊతకర్ర పట్టుకున్న బిచ్చగాడు, పిల్లాడు. మధ్యలో ఒక డబ్బున్న ఆసామి. చెయ్యి సంచీలోకి వెళ్తుంటుంది. ఎంతో కొంత ఇచ్చి వదిలించుకుందామని. ఆ చెయ్యి దగ్గర ఆగండి. పక్కనున్న అస్థిపంజరం కోపంగా లేదు, బెదిరించడం లేదు. ఎముకల ముఖానికి కోపం ఎలా గీస్తారనుకోండి, అయినా ఒంటి వాలులో తొందర లేదు. బ్యాంకు కౌంటరులో మనకి పని కాదని తెలిసీ మన కాయితాలు ఓపిగ్గా చూసే గుమాస్తాలా ఉంటుంది.

అందుకే చెప్తున్నాను, పెద్దవాళ్లు దడుచుకుంటారన్న భయం అక్కర్లేదు. ఇందులో రక్తం లేదు, నరకం లేదు, నూనె కాగులు లేవు. మన యమపటాల్లోని రంపాలూ సలసల కాగే పాత్రలూ చూసి పెరిగిన తరానికి ఇది చాలా మర్యాదస్తుల బొమ్మ. నేను ఒకసారి మా పెద్దమ్మని తీసుకెళ్లాను. సంచీ వర్తకుణ్ని చూసి ఆవిడ గట్టిగా నవ్వేసింది, "యముడికి కూడా ఇవ్వబోయాడ్రా వీడు" అని. తర్వాత పిల్లాడి దగ్గర నవ్వు ఆగిపోయింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయి ఉంటే ముందే చెప్పి ఉంచండి, నా జాగ్రత్త అంతే.

ఇంత తాజాగా ఎలా ఉన్నాయన్నది మీరు అడగలేదు కానీ అడగాల్సింది అదే. ఈ బొమ్మలు వందల ఏళ్లు ఎవరికీ కనిపించలేదు. తర్వాతి శతాబ్దాల్లో పైన సున్నం పొరలు వచ్చి పడ్డాయి. 1949లో యోజె పోహ్లెన్ అనే శిల్పి వాటి కింద రంగు ఉందని కనిపెట్టాడు. తీయడం 1950ల చివరిదాకా సాగింది. సున్నం వేసినవాళ్లని తిట్టుకోవడం తేలిక. నేను తిట్టను. ఆ వెల్ల లేకపోతే కొవ్వొత్తుల మసి, తడి చేతులు, తర్వాతి తరాల "కొత్త రంగులు వేద్దాం" ఉత్సాహం, అన్నీ నేరుగా బొమ్మకే తగిలేవి. మన వైపు శిల్పాల మీద తరతరాలుగా కొట్టిన సున్నాన్ని తీసినప్పుడు చెక్కడం కొత్తగా బయటపడటం నేను చూశాను. సున్నం వేసేవాళ్లకి కాపాడాలన్న ఆలోచనేమీ ఉండదు, పండక్కి గోడ తెల్లగా ఉండాలని వేస్తారు, అంతే.

తీయడం ఎలా ఉంటుందో ఒక్క మాట. ముందు వేళ్ల కణుపులతో గోడ మీద మెల్లగా తడతాం. గట్టిగా ఉన్న చోట రాయి పలుకుతుంది. పూత గోడ నుంచి విడిపోయిన చోట డొల్ల చప్పుడు, పుచ్చకాయ తట్టినట్టు. డొల్ల దొరికిన చోట ముందు లోపలికి సన్నటి సున్నపు జావ ఎక్కించి అతికించాలి, ఆ తర్వాతే పైపొర ముట్టుకోవాలి. లేకపోతే వెల్లతో పాటు బొమ్మ కూడా పెచ్చులా చేతిలోకి వచ్చేస్తుంది. పైపొర తీసేది డాక్టర్ల సర్జికల్ కత్తితో. రోజంతా చేస్తే ఒక అరచెయ్యి. కొన్నిసార్లు అంత కూడా కాదు. ఆ చర్చి లోపల ఎన్ని అరచేతులు పడతాయో మీరే లెక్కేసుకోండి, పదేళ్లు ఎందుకు పట్టిందో తెలుస్తుంది.

ఇప్పుడున్న శత్రువు తేమ. రాతి గోడ అడుగు నుంచి నీటిని పీలుస్తుంది, ఆ నీరు ఆరేటప్పుడు ఉప్పు పైకి తేలి పూతని చిన్న చిన్న పొడిగా రాలుస్తుంది. మన ఇళ్లలో గోడ అడుగున చౌడు పట్టినట్టే. పాత చర్చిల్లో కింది వరస బొమ్మలే ఎక్కువగా పాడై ఉండటానికి కారణం అది. దానికి తోడు మన ఊపిరి. ఇరవై మంది టూర్ బస్సు దిగి లోపలికి వస్తే ఆ చిన్న గదిలో గాలి మారిపోతుంది. తలుపు వేసే ఉంచమంటే విసుక్కోకండి. ఫ్లాష్ వద్దు. గోడకి ఆనుకోవద్దు, బ్యాక్‌ప్యాక్ ముందుకి తగిలించుకోండి. ఆ ఇరుకులో తిరిగేటప్పుడు మీ సంచీ జిప్పే పెద్ద ప్రమాదం.

దారి సంగతి: కారే మేలు. స్లొవేనియా మోటర్‌వే ఎక్కితే వినెట్ (ముందే కట్టే టోల్) కొనాలి, లేకపోతే ఫైన్ గట్టిగానే పడుతుంది. ట్రియెస్టే నుంచి మామూలు రోడ్ల మీద కూడా వెళ్లొచ్చు, దూరం తక్కువే. చ్ర్నీ కాల్ అనే ఊరి దగ్గర కిలోమీటరు పైగా పొడవున్న వంతెన ఆకాశంలో పోతూ కనిపిస్తుంది. హ్రాస్తోవ్లే అక్కడికి దగ్గరే. ఇటలీ, స్లొవేనియా రెండూ షెంగెన్ దేశాలే (తమ మధ్య మామూలుగా సరిహద్దు తనిఖీ లేనివి) అయినా 2023 నుంచి ఇటలీ ఆ సరిహద్దులో మళ్లీ తనిఖీలు పెట్టింది. తిరుగు దారిలో ఆపవచ్చు, అమ్మానాన్నల పాస్‌పోర్టులు ఇంట్లో వదిలి రావద్దు. చర్చి ఎప్పుడూ తెరిచి ఉండదు, వేళలు ముందు రోజు చూసుకోండి. నేల సాఫీగా ఉండదు, గుట్ట ఎక్కడం రెండు మూడు నిమిషాలే కానీ మోకాళ్ల నొప్పులుంటే చేతికర్ర తెచ్చుకోమనండి. ఎండాకాలమైనా లోపల చల్లగా ఉంటుంది, శాలువా ఒకటి ఉంటే మంచిది.

చర్చి దగ్గర ఒక ఆడమనిషి విగ్రహం ఉంటుంది, చేసింది ఆ పోహ్లెనే. షావ్రింకా అంటారు. ఈ కొండపల్లెల ఆడవాళ్లు ఊరూరూ తిరిగి గుడ్లు పోగుచేసి, తెల్లారకముందే బయల్దేరి ట్రియెస్టే బజారులో అమ్ముకుని, సూదులు, బట్టలు, కాఫీ గింజలు కొనుక్కుని తిరిగొచ్చేవాళ్లు. మీ ఊరికే వచ్చి వెళ్లేవాళ్లన్నమాట. అమ్మగారిని ఆ విగ్రహం పక్కన నిలబెట్టి ఒక ఫొటో తీయండి.